పేరు ముందు ‘డా.’ ఎవరు రాసుకోవాలి? గౌరవ డాక్టరేట్లపై చర్చ

కొల్లేటికొంగ
మా ఊరి గ్రంథాలయ వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం సిద్ధమైంది. వేదిక మీద ఐదుగురు, ఐదుగురి పేర్ల ముందూ ‘డా.’ ఉంది. ఒకరు పిల్లల వైద్యురాలు. ఒకరు తెలుగులో పరిశోధన చేసి పిహెచ్.డి. పొందిన అధ్యాపకుడు. ఒక కళాకారుడికి రాష్ట్ర విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మిగిలిన ఇద్దరిని అడిగితే ఏదో విదేశీ సంస్థ పేరు చెప్పారు. ఆ సంస్థ ఎక్కడుందో వారికే సరిగా తెలియదు. కార్డు చదివే పిల్లలకు ఈ ఐదూ ఒకటేనని అనిపిస్తుంది కదా! కమిటీలో ఈ మాట ఎత్తితే “పెద్దవాళ్లను నొప్పిస్తావా” అని నా మీదే విరుచుకుపడ్డారు. గౌరవ డాక్టరేట్ అందుకున్నవారు పేరు ముందు డా. రాసుకోవచ్చా? తెలిసినవారు చెప్పండి.

నల్లబల్ల
రాసుకోకూడదు. అది విశ్వవిద్యాలయం చేసే సత్కారం. పరిశోధన చేసి, సిద్ధాంత గ్రంథం సమర్పించి, మౌఖిక పరీక్షలో నిలబడి తెచ్చుకున్న పట్టా కాదు. జీవిత విశేషాల్లో ‘ఫలానా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది’ అని నిండుగా రాసుకోవాలి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పేరుకు అతికించుకోవడమే తప్పు. బ్రిటన్‌లో ఈ మర్యాద చాలాకాలంగా ఉంది. అక్కడ గౌరవ పట్టా పొందినవారు సాధారణంగా బయట డాక్టర్ అని వేసుకోరు.

మేఘమాల
నల్లబల్ల గారు, అలాగైతే సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను ఏమని పిలుద్దాం? ఆయన చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. పరిశోధన పట్టా లేదు, డాక్టరేట్లన్నీ గౌరవార్థం వచ్చినవే. 1931లో బ్రిటిష్ ప్రభుత్వం ‘సర్’ ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ‘సర్’ను వదిలేసి ‘డాక్టర్’ను ఉంచుకున్నారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మనిషి, రాష్ట్రపతి అయిన మనిషి. ఆయనకు మర్యాద తెలియదంటారా? అబ్దుల్ కలాం గారు కూడా మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివారు. పిహెచ్.డి. చేయలేదు. ‘డాక్టర్ కలాం’ అనకుండా ఆయన పేరు పలికేవారు ఈ దేశంలో ఎందరు?

హైదరాబాదీ_పాఠకుడు
అంబేడ్కర్‌ది కూడా గౌరవ డాక్టరేటే కదా. మన ఉస్మానియానే ఇచ్చింది.

తుంగభద్ర_తీరం
కాదండీ! అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి., లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డి.ఎస్‌సి. (డాక్టర్ ఆఫ్ సైన్స్) చేశారు. రెండూ కూర్చుని చదివి, రాసి సాధించినవి. లండన్‌లో ఆయన సమర్పించిన గ్రంథం రూపాయి సమస్య మీద. 1952లో కొలంబియా ఎల్ఎల్.డి., 1953లో ఉస్మానియా డి.లిట్. ఇచ్చాయి. ఈ రెండే గౌరవ పట్టాలు. అప్పటికి ఆయన డాక్టర్ అయి దశాబ్దాలు గడిచాయి.

మీ మీద కోపంతో రాయడం లేదు. కానీ ఈ గందరగోళం ఎవరికి చేటు చేస్తోందో చూడండి. తరగతి గది బయట కూర్చోబెట్టిన పిల్లవాడు ప్రపంచంలోని పెద్ద విశ్వవిద్యాలయాలలో సాధించినదాన్ని, ఎవరో పిలిచి చేతిలో పెట్టిన కాగితంతో కలిపేస్తున్నాం. తేడా చెప్పకుండా అందరికీ డా. తగిలిస్తూ పోతే చివరికి జరిగేది ఇదే.

స్టెతస్కోపు
వైద్యురాలిగా ఒక మాట. నిజానికి ఎం.బి.బి.ఎస్. డాక్టరేట్ కాదు, బ్యాచిలర్ పట్టా. మమ్మల్ని డాక్టర్ అనడం వాడుక వల్ల స్థిరపడింది. దానికి ఒక ప్రయోజనం ఉంది కనుక నిలిచింది. జ్వరం వచ్చినవాడు బోర్డు చూసి లోపలికి వస్తాడు. అందుకే నేను ఆహ్వానపత్రాల్లో నా పేరు ముందు డా. లేకపోయినా పట్టించుకోను, ఆసుపత్రి గుమ్మం మీద మాత్రం తప్పనిసరి. మా దగ్గర ఒక నాయకుడి ఇంటి ముందు ‘డా.’ అని బోర్డు ఉండేది. ఒక పల్లెటూరి ఆవిడ మనవడిని ఎత్తుకుని ఆ ఇంటికి వెళ్లి, అక్కడ వైద్యం లేదని తెలుసుకుని మా ఆసుపత్రికి వచ్చింది. బాబుకు ఏమీ కాలేదు. కానీ ఆ ఆలస్యం ఎవరి వల్ల?

అచ్చుబల్ల
నాది డీటీపీ, ఫ్లెక్సీల దుకాణం. మీ చర్చ అంతా మా టేబుల్ దగ్గరే మొదలవుతుంది. రాసిచ్చిన కాగితంలో డా. ఉండదు. ప్రూఫ్ చూపించాక ఫోన్ వస్తుంది, “పేరు ముందు డా. వేయండి, మరిచిపోయాం” అని. పెళ్లి కార్డుల్లో, గృహప్రవేశాల్లో, చివరికి సంతాప ఫ్లెక్సీల్లోనూ అడుగుతారు. ఎక్కడిదని అడగడం మా పని కాదు. ఒకసారి అడిగితే ఆ పార్టీ పక్క దుకాణానికి వెళ్లిపోయింది.

ఒకటి గమనించాను. పిహెచ్.డి. చేసిన మాస్టార్లు కార్డులో డా. లేకపోతే చాలావరకు ఏమీ అనరు. ప్రూఫ్‌లో అక్షరదోషాలు దిద్ది పంపిస్తారు.

చట్టంచూపు
చట్టం సంగతి చెబుతాను, అందరూ దాని చుట్టూనే తిరుగుతున్నారు కనుక. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం రాజ్యం బిరుదులు ఇవ్వకూడదు. సైనిక, విద్యా సంబంధమైనవాటికి మాత్రం మినహాయింపు ఉంది. అందుకే బ్రిటిష్ కాలపు ‘రావు బహదూర్’ బిరుదులు పోయాయి, డాక్టరేట్లు ఉన్నాయి. పద్మ పురస్కారాలు బిరుదులా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో బాలాజీ రాఘవన్ కేసులో అవి బిరుదులు కావని, అయితే పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదని కోర్టు చెప్పింది. తరువాత సినిమా టైటిళ్లలో నటుల పేర్ల ముందు పద్మశ్రీ వేయడం మన హైకోర్టులో వివాదమైంది కూడా.

ఇక పట్టాలు ఎవరు ఇవ్వవచ్చు? యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం, 1956లో 22వ సెక్షన్ చూడండి. కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలు. అంతే. ఇంకెవరూ పట్టా ఇవ్వకూడదు, ఇవ్వగలమని చెప్పుకోకూడదు. ఉల్లంఘిస్తే 24వ సెక్షన్ కింద జరిమానా. ఎంతనుకుంటున్నారు? వెయ్యి రూపాయల వరకు. 1956లో అది పెద్ద మొత్తమే.

మేఘమాల
వెయ్యి రూపాయలా! ఈ రోజుల్లో ఆ సభలో కప్పే శాలువా ఖరీదు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

రిజిస్ట్రార్_కార్యాలయం
నేను ఒక విశ్వవిద్యాలయ పరిపాలనా విభాగంలో పనిచేసి విరమించాను. అసలైన గౌరవ డాక్టరేట్ ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. ఉపకులపతి ఒక్కరే తలచుకుంటే అయ్యే పని కాదు. పేర్లు పరిశీలనకు వస్తాయి. పాలకమండలి చర్చిస్తుంది. కులపతి, అంటే గవర్నర్, ఆమోదించాలి. ఆ తరువాత స్నాతకోత్సవంలో గౌను వేసి, ఆ వ్యక్తి చేసిన కృషిని వివరించే ప్రశంసాపత్రం చదివి, అప్పుడు పట్టా చేతికిస్తారు. ఆ ప్రశంసాపత్రం రాయడానికి మేము పడే శ్రమ అంతా ఇంతా కాదు. ప్రతి వాక్యానికీ ఆధారం చూసుకునేవాళ్లం.

ఉస్మానియా 1938లో రవీంద్రనాథ్ టాగోర్‌కు ఇచ్చింది. 2001 తరువాత చాలా ఏళ్లు ఎవరికీ ఇవ్వలేదు. మళ్లీ 2022లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణకు ఇచ్చింది. అంత అరుదుగా ఇస్తేనే దానికి విలువ. హోటల్ హాలులో ఒకే సాయంత్రం వరుసగా నిలబెట్టి పంచేదాన్ని దీనితో కలపవద్దని నా మనవి.

పల్లెపదం
నల్లబల్ల గారి మొదటి మాట చదివినప్పటి నుంచి మనసు ఉడుకుతోంది. మా తాతగారు జానపద కళాకారుడు. బడి ముఖం చూడలేదు. చూడనివ్వలేదు అనడం సరైనది. ఊళ్లో పెద్దలు ఆయనను ‘ఒరేయ్’ అనే పిలిచేవారు, తల నెరిసిన తరువాత కూడా. విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ తరువాత అదే ఊరి సభల్లో ఆయన పేరు ముందు ‘డాక్టర్’ అని మైకులో పలకవలసి వచ్చింది. మండల కార్యాలయంలో కుర్చీ వేశారు. ఆ ‘డాక్టర్’ తీసేయమని ఎవరైనా అంటే, మళ్లీ ఆ ‘ఒరేయ్’కి తలుపు తీస్తున్నట్టే నాకు వినిపిస్తుంది.

అందెశ్రీ గారిని తీసుకోండి. పశువులు కాశారు, తాపీ పని చేశారు, బడిలో చదువుకోలేదు. తెలంగాణ రాష్ట్ర గీతం ఆయన రాసినదే. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ‘డాక్టర్ అందెశ్రీ’ అని జనం అన్నారు. ఎవరికి నష్టం జరిగింది? ఎవరి పరిశోధన చిన్నబోయింది?

నల్లబల్ల
పల్లెపదం గారు, మీ తాతగారికి జరిగింది అన్యాయం, దాన్ని సరిదిద్దిన విశ్వవిద్యాలయానికి దండం పెట్టాలి. కానీ ఒక మనిషిని మర్యాదగా పిలవడానికి డాక్టరేట్ కావలసి రావడమే మన రోగం. ‘గారు’ అనడానికి పట్టా ఎందుకు?

పల్లెపదం
ఎందుకు కావలసి వచ్చిందో ఊరి పెద్దలను అడగండి. మాకు ‘గారు’ ఊరికే రాలేదు.

వేదికమైకు
నేను సభలకు వ్యాఖ్యానం చేస్తుంటాను. నిర్వాహకులు చీటీ రాసిస్తారు, అందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక సభలో పిహెచ్.డి. ఉన్న ఆచార్యురాలి పేరు ముందు ‘శ్రీమతి’ అని, పక్కన కూర్చున్న వ్యాపారి పేరు ముందు ‘డాక్టర్’ అని రాసిచ్చారు. ఆయనది కొన్న డాక్టరేటని హాలులో అందరికీ తెలుసు. నేను చదువుతున్నప్పుడు ఆవిడ చిరునవ్వుతోనే కూర్చున్నారు. ఆ రోజు నుంచి చీటీ చేతికి రాగానే వక్తల వివరాలు నేనే విడిగా అడిగి తెలుసుకుంటున్నాను. ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువగా జరుగుతోంది. కష్టపడి సాధించిన డాక్టర్ ‘శ్రీమతి’ కింద మాయమైపోతుంది.

పరిశోధక_విద్యార్థి
వేదికమైకు గారి మాటకు నూరు శాతం మద్దతు. మా గైడు గారికీ అచ్చంగా ఇలాగే జరిగింది. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాకపోయినా, తాళపత్రాల కోసం ఊళ్లు తిరిగి, రాసిన అధ్యాయాలు మళ్లీ మళ్లీ తిరగరాసి తెచ్చుకునేది ఈ పట్టా. దానికి మాకు దక్కేది పేరు ముందు ఆ ‘డా.’ ఒక్కటే. అది కూడా బజారులో దొరుకుతుంటే మాకు బాధ కలగదా?

బెర్లిన్_తెలుగు
జర్మనీలో ఈ గొడవ ఎలా తీర్చుకున్నారో చెబుతాను. గౌరవ డాక్టరేట్ వచ్చినవారు ‘డాక్టర్ హెచ్.సి.’ అని రాసుకోవాలి. హెచ్.సి. అంటే గౌరవార్థం ఇచ్చినదని. ఆ గుర్తు వదిలేసి ఒట్టి ‘డాక్టర్’ వేసుకోవడానికి వీల్లేదు. హక్కు లేని పట్టా పెట్టుకుంటే ఇక్కడ క్రిమినల్ కోడ్ 132-ఎ కింద నేరం. జరిమానాయే కాదు, జైలు కూడా పడవచ్చు. ఇంటి గుమ్మం దగ్గర బెల్లు మీద పేరులో కూడా జనం ఈ తేడా పాటిస్తారు. సత్కారం దాచనక్కరలేదు, చదివేవాడు మోసపోనక్కరలేదు.

కాకినాడ_ఇంగ్లిషు
బెర్లిన్ గారి మాట బాగుంది. దానికి ముందు కాలం నుంచి ఒకటి చెబుతాను. ఇంగ్లిషు సాహిత్యం చదివినవారందరికీ ‘డాక్టర్ జాన్సన్’ తెలుసు, నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో డబ్బు లేక చదువు మధ్యలో ఆపేశాడు. 1765లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ, 1775లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. లోకమంతా డాక్టర్ జాన్సన్ అంది, ఇప్పటికీ అంటోంది. ఆయన మాత్రం తన పేరును ‘మిస్టర్ జాన్సన్’ అనే చెప్పుకునేవాడని జీవితచరిత్ర రాసిన బాస్వెల్ అన్నాడు.

మేఘమాల గారికీ పల్లెపదం గారికీ నా సమాధానం ఇదే. జనం ప్రేమతో డాక్టర్ అంటే అననివ్వండి, ఆపే హక్కు ఎవరికీ లేదు. విజిటింగ్ కార్డు మీద, సంతకంలో, లెటర్‌హెడ్ మీద, ఎన్నికల కరపత్రం మీద తనకు తాను వేసుకోవడం వేరే సంగతి.

మేఘమాల
జాన్సన్ సంగతి నచ్చింది. కానీ రాధాకృష్ణన్ తానే ఉంచుకున్నారు కదా, అక్కడ మీ గీత నిలవదు.

కాకినాడ_ఇంగ్లిషు
నిలవదు, నిజమే. అయితే ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవిలో కూర్చుని తత్వశాస్త్రం బోధించిన మనిషి ఆయన. ఆ డాక్టరేట్లు వచ్చింది ఏ రంగంలో రాశారో ఆ రంగంలోనే. ఆయనను చూపించి ఒక కాంట్రాక్టరు డా. వేసుకుంటే ఒప్పుకోను.

పాతపుస్తకం
మన దగ్గర ఈ చిక్కుకు చక్కటి పరిష్కారం ఎప్పుడో ఉండేది, మనమే వదులుకున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చే ‘కళాప్రపూర్ణ’. గిడుగు రామమూర్తి, గుర్రం జాషువా, విశ్వనాథ సత్యనారాయణ దాన్ని అందుకున్నారు. నా దగ్గరున్న పాత పుస్తకాల అట్టల మీద రచయిత పేరుకు ముందు ‘కళాప్రపూర్ణ’ అని ఉంటుంది. చూడగానే తెలుస్తుంది, ఇది విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవం అని. వైద్యుడనీ పరిశోధకుడనీ ఎవరూ పొరబడరు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జాషువా కాలికి గండపెండేరం (కవులను సత్కరించే కడియం) తొడిగారు. దాన్నీ ఎవరూ మరో దానితో కలపలేదు. మన బిరుదులకు ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో వెంటనే చెప్పే గుణం ఉండేది. ‘డా.’కు ఆ గుణం లేదు.

ఎన్.టి. రామారావుకు కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయమే గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, రాజకీయాల్లోకి రాకముందు.

తుంగభద్ర_తీరం
ఆ మాటకు వస్తే విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని చూడండి. డాక్టర్ ఎన్‌టీఆర్ పేరు ఉండేది. 2022లో డాక్టర్ వైఎస్సార్ అయింది. 2024లో మళ్లీ డాక్టర్ ఎన్‌టీఆర్. రెండు పేర్ల ముందూ అదే మాట. ఒకరిది గౌరవ డాక్టరేట్, మరొకరు ఎం.బి.బి.ఎస్. చదివి పులివెందులలో రోగులను చూసినవారు. బోర్డు చదివిన పిల్లవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

హైదరాబాదీ_పాఠకుడు
దయచేసి ఎన్టీఆర్, వైఎస్సార్ గొడవలోకి వెళ్లకండి, చర్చ ఇక తేలదు.

ఉపసంపాదకుడు
పత్రిక డెస్కులో పనిచేస్తాను. పాఠకుడు మోసపోకుండా ఉండాలంటే చేయవలసింది మొదట మేమే. వార్తలో వైద్యులకు డా. వేస్తాం. పరిశోధకుల విషయంలో వార్త వారి రంగానికి సంబంధించినదైతే వేస్తాం. గౌరవ డాక్టరేట్ అయితే మొదటి ప్రస్తావనలో ‘గౌరవ డాక్టరేట్ గ్రహీత’ అని రాసి, ఆ తరువాత పేరు మాత్రమే. నాయకుల అనుచరులు ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటారు. ప్రకటనల విభాగం నుంచి ఒత్తిడి వస్తుంది. ప్రకటనలో డబ్బు ఇచ్చినవారు ఏం రాసుకున్నా ఆపలేం, వార్తలో మాత్రం లొంగను.

పదవిలో ఉన్నవారికి గౌరవ డాక్టరేట్ ఇవ్వడమే నన్ను ఎక్కువ బాధించేది. 1971లో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధికి అన్నామలై విశ్వవిద్యాలయం ఇచ్చినప్పుడు విద్యార్థులు నిరసన తెలిపారు, ఒక విద్యార్థి ప్రాణం పోయింది. నిధులు ఎవరి చేతిలో ఉంటాయో వారికే పట్టా ఇస్తే విశ్వవిద్యాలయం ఎవరి ఎదుట తల వంచినట్టు? పదవి దిగాక ఇవ్వండి, అప్పుడు నేనే మొదటి పేజీలో వేస్తాను.

రిజిస్ట్రార్_కార్యాలయం
ఉపసంపాదకుడు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. లోపల పనిచేసిన మాకు ఆ ఒత్తిడి తెలుసు.

క్రికెట్_పిచ్చి
రాహుల్ ద్రావిడ్‌ను ఎవరూ తలచుకోలేదేమిటి? 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తామంటే ఆయన మర్యాదగా వద్దన్నారు. క్రీడారంగంలోనే పరిశోధన చేసి సంపాదించుకుంటానన్నారు.

పరిశోధక_విద్యార్థి
ఆ వార్త చదివిన రోజు మా హాస్టల్లో అందరం ఆయనకు చప్పట్లు కొట్టాం. స్టేడియంలో కూడా అంత గట్టిగా కొట్టి ఉండరు!

పల్లెపదం
ద్రావిడ్ వద్దనగలిగారు, ఆయనకు ఆ గౌరవం లేకపోయినా లోటు లేదు. మా తాతగారికి అలా కుదరదు. కాకినాడ గారు గీసిన గీత నాకు సమ్మతమే. తాతగారు సంతకంలో ఎన్నడూ డాక్టర్ రాయలేదు, వేలిముద్ర నుంచి సంతకం దాకా రావడానికే కష్టపడ్డారు. కానీ సభలో, పత్రికలో, ఊరి బోర్డు మీద జనం వేస్తే తీయమని అడగను. మీరూ అడగకండి.

నల్లబల్ల
అడగను. నా అభ్యంతరం సొంత చేత్తో వేసుకునేవారి మీదే, ఇంకా ఎక్కువగా కొనుక్కునేవారి మీద.

కొల్లేటికొంగ
కమిటీకి ఈ ప్రతిపాదన పెడతాను. వైద్యురాలికీ పరిశోధకుడికీ డా. ఉంటుంది. గౌరవ డాక్టరేట్ పొందిన కళాకారుడి పేరు కింద ‘గౌరవ డాక్టరేట్ గ్రహీత’ అని, విశ్వవిద్యాలయం పేరుతో సహా పూర్తి వరుస. మిగతా ఇద్దరికి ‘శ్రీ’. వాళ్లు రాకపోయినా సభ జరుగుతుంది.

అచ్చుబల్ల
అక్షరాల సైజు అందరికీ ఒకటే వేయించండి. డా. తీసేసి, పేరు పెద్దది చేయమంటారు. అదీ చూశాను.

ఉప్పాడ_అల
ఇదంతా చదివాక అడుగుతున్నాను. మా మేనమామకు ఒక ఉత్తరం వచ్చింది. ‘సమాజసేవకు గౌరవ డాక్టరేట్, ప్రదానోత్సవం ఫలానా హోటల్లో’ అని. ఆయన నిజంగానే రక్తదాన శిబిరాలు నడుపుతారు. ఎంతో సంబరపడుతున్నారు. అది అసలుదో కాదో ఎలా చూడాలి?

చట్టంచూపు
ముందు యూజీసీ వెబ్‌సైటులో గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాల జాబితా చూడండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా అక్కడే ఉంటుంది, అందులో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో ఉన్నవీ ఉన్నాయి. విదేశీ సంస్థ అయితే ఆ దేశపు విద్యాశాఖ గుర్తింపు ఉందో లేదో వెతకండి. ఉత్తరంలో డబ్బు ప్రస్తావన ఉందా?

ఉప్పాడ_అల
ఉంది. ‘నమోదు, గౌను, మెమెంటో ఖర్చులు’ అని రాశారు. ఫోటోలకు వేరే.

రిజిస్ట్రార్_కార్యాలయం
ఏ విశ్వవిద్యాలయమూ గౌరవ పట్టాకు గ్రహీత నుంచి డబ్బు తీసుకోదు. వెళ్లవద్దని చెప్పండి. ఆ డబ్బు తరువాతి రక్తదాన శిబిరానికి వాడమనండి.

ఉప్పాడ_అల
ఈ రాత్రే మాట్లాడతాను. ఆయన సంబరం చూస్తే చెప్పడానికి నోరు రావడం లేదు.

పల్లెపదం
మీ ఊళ్లో రక్తం అందుకున్నవారిని పిలిచి, గ్రంథాలయంలోనో బడిలోనో ఆయనకు మీరే ఒక సభ పెట్టండి. ఆ మాట కూడా ఈ రాత్రే చెప్పండి.